నాలుగు విడిచి ఏడు లేపు

మా ఇంట్లో ఫోన్ మాట్లాడటం అంటే అరవటమే. అవతల మగ్గాలు నడుస్తుంటాయి. ఆ మోతలో కార్ఖానా యజమాని చెవిన మన మాట పడాలంటే గొంతు చించుకోక తప్పదు. సూరత్ లింబాయత్‌లో మా రెండో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి నేను "ఎంటర్ కొట్టండి భాయ్" అని కేక పెడితే కింద పాన్ డబ్బా వాడు కూడా కొడతాడని మా తమ్ముడు సాయికుమార్ వెక్కిరిస్తుంటాడు. వెక్కిరించేవాడు అని రాయాలేమో ఇప్పుడు.

మేం అమ్మేది 'తాకా సాథీ' అనే చిన్న ప్రోగ్రామ్. మగ్గం మీంచి దిగిన బట్ట చుట్టను సూరత్‌లో తాకా అంటారు. ఏ కారిగర్ ఏ మగ్గం మీద ఎన్ని తాకాలు దించాడో ఎక్కిస్తూ పోతే, పగార్ రోజున ఎవరికెంత ఇవ్వాలో ప్రోగ్రామే తేల్చి చెబుతుంది. రాసింది మా ఆయన నరహరి. బైకు మీద తిరిగి కార్ఖానాల్లో కంప్యూటర్లకు ఎక్కించి వచ్చేది సాయికుమార్. ఎక్కించిన తర్వాత వచ్చే ఏడుపులన్నీ వినేది నేను, భాగ్యలక్ష్మిని.

"నెల రోజులు ఊరికే వాడి చూడండి, నచ్చితేనే కొనండి." ఇది మేం అందరికీ చెప్పే మాట. వినటానికి ఎంత ధర్మంగా ఉందో కదా. చెప్పే మా ఆయన మాత్రం ఈ భూమ్మీద ఎవరినీ నమ్మడు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఎడం చేయి అడ్డం పెట్టుకుంటాడు, ఎదురుగా ఉన్నది కట్టుకున్న పెళ్లామైనా సరే. నెల దాటగానే ప్రోగ్రామ్ మూతపడుతుంది. పాత లెక్కలు చూసుకోవచ్చు గానీ కొత్తవి ఎక్కవు. కొన్నవాళ్లకు వాళ్ల కంప్యూటర్‌కు మాత్రమే పనిచేసే నంబరు ఒకటి ఇస్తాం. కొనకుండా నెట్టుకొద్దామని జనం పడే తిప్పలు చెప్పాలంటే ఒక రోజు చాలదు. ఆల్థాన్‌లో ఉండే సేఠ్ ఒకాయన కంప్యూటర్ తేదీ వెనక్కి తిప్పి వాడుకున్నాడు. ఆయన కారిగర్లకు పోయిన ఏడాది తేదీలతో పగార్ చీటీలు వచ్చాయి. అయినా సిగ్గుపడలేదు, ప్రోగ్రామ్ బాగాలేదని నన్నే తిట్టాడు.

వీటికి తోడు అక్కర నంబరు ఒకటి ఉండేది. కొన్నవాడి కంప్యూటర్ సరిగ్గా పగార్ రోజునే చచ్చిపోయిందనుకోండి, వేరే కంప్యూటర్ తెచ్చి పెట్టుకుంటాడు. దానికి పాత నంబరు పట్టదు. బయట కారిగర్లు నిలబడి ఉంటారు. అప్పుడు నేను ఫోన్‌లో ఈ అక్కర నంబరు చెబుతాను. అది ఏ కంప్యూటర్‌నైనా తెరుస్తుంది. అందుకే దాన్ని ఎక్కడా రాయకూడదు, ఎవరికీ పంపకూడదు, నోటితోనే చెప్పాలి. ఇది మా ఆయన పెట్టిన కట్టుబాటు. ఫోన్‌లో విన్న సేఠ్‌లు డబ్బు పోసి కొన్నవాళ్లు, పక్క కార్ఖానా వాడికి ఊరికే చెప్పరు. వాళ్లు కాక ఆ నంబరు తెలిసినవాళ్లం ముగ్గురమే.

రాఖీ పండగ వెళ్లిన వారం పల్సానా నుంచి లక్ష్మీరాజం కాక ఫోన్ చేశాడు. మా పుట్టింటి వైపు చుట్టం. అక్కడ కొన్ని మగ్గాలు కిరాయికి తీసుకుని నడుపుతాడు.

"బిడ్డా, గీ ప్రోగ్రాం ఒక కారిగర్‌ను రెండు పాలీలు వేస్కుంటున్నది. జర జూడరాదు" అన్నాడు.

పాలీ అంటే షిఫ్టు. చూద్దామనే అనుకున్నాను. అంతలో గుర్తొచ్చింది, ఈయన కొననే లేదు. సాయికుమార్ హోలీకి ముందు నెల రోజుల కోసం ఎక్కించి వచ్చాడు. ఎప్పుడో మూతపడాల్సిన ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోంది. నడవటమే కాదు, తప్పు చేస్తోందని నా మీద దబాయింపు. నాకు ఒళ్లు మండింది. అయినా ఓర్చుకుని తెర ఫోటో తీసి పంపమన్నాను. పంపాడు. ఏ నంబరుతో తెరిచారో చూపే చిన్న అంకెలు కింద మూలలో ఉన్నాయి. మా అక్కర నంబరే.

"కాకా, గీ నంబర్ నీకెవరిచ్చిండ్రు?"

"మీ ఇంటోళ్లే ఇచ్చిండ్రు గద బిడ్డా. మళ్ల నన్నడుగుతవేంది?"

"మా ఇంట్ల ఎవరు?"

నా గొంతులో తేడా ఆయనకు తెలిసినట్టుంది.

"మీ ఇంట్ల పంచాయితి వెట్టుటానికి నేనెవన్ని తల్లీ. నా పేరు తియ్యకుండ్రి" అని ఫోన్ పెట్టేశాడు.

మా ఆయన ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూశాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కొననివాళ్లకు ఏదో వంకతో ఫోన్ చేసి వాళ్ల ఫోటోలు కూడా తెప్పించాడు. అందరి దగ్గరా అదే నంబరు. అందరూ మన తెలుగువాళ్లే. గుజరాతీ సేఠ్‌లు ఒక్కరూ లేరు.

"ఆ నంబర్ ఎరికున్న నోళ్లు మూడు. నా నోరు గాదు. నీ నోరు గాదనుకుంటున్న" అన్నాడు. అని ఊరుకున్నాడా, గుమ్మం పక్కన మేకుకు వేలాడుతున్న సాయికుమార్ హెల్మెట్ వైపు చూశాడు.

నాకు కాలింది. సాయి నా తమ్ముడు మాత్రమే కాదు. అమ్మా నాన్నా పోయేనాటికి వాడింకా బడికి పోతున్నాడు. నేను పెళ్లై వచ్చినప్పుడు నా పెట్టెతో పాటు వాడి పెట్టె కూడా ఈ ఇంటికొచ్చింది. ఆ పెట్టె ఇప్పటికీ వాడి మంచం కింద ఉంది.

"వాడు పెట్రోల్ పైసలకు గూడ నీకు హిసాబ్ చెప్పేటోడు. వాడు అమ్ముకుంటాడా?" అన్నాను.

"నేనేం అనలే. కని దొరికిననాడు మాత్రం వాడు ఈ ఇంట్ల ఉండడు. ముందే చెప్తున్న" అన్నాడు.

మా గొడవలన్నీ మా అత్త కొమురవ్వ ముందే జరుగుతాయి. సిరిసిల్లలో చేతి మగ్గం నేసిన మనిషి. సూరత్ వచ్చాక కరెంటు మగ్గాల మధ్య కూర్చుని ఏళ్ల తరబడి కండెలు చుట్టింది. ఆ మోతకు చెవులు పోయాయి. మామూలు మాట వినపడదు, చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. పగలంతా ఫోన్ బల్ల పక్కన చాప మీద కూర్చుని దీపం వత్తులు చేస్తుంది. మేం పోట్లాడుకుంటుంటే మొహాలు చూసి విషయం పట్టుకుంటుంది. ఆ రోజు కూడా మొహాలు చూసి, "ఏమైందే కోడలా, దొంగలు వడ్డరా?" అని అడిగింది.

ఏం చెప్పమంటారు. కోపంలో ఉన్నాను. "అవునత్తమ్మా, ఇంట్లనే దొంగ ఉన్నడట" అని ఆమె చెవిలో అరిచాను.

మర్నాటి నుంచి ఆమె బీరువా తాళంచెవి తీసి నడుముకు కట్టుకుంది. సాయి ఇంట్లోకి వచ్చినప్పుడల్లా చేయి నడుము దగ్గరికి పోయేది. ఎవరిని అనుమానించాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా ఆయన చూపులు ఎటు పోతున్నాయో చూసి తనే తేల్చుకుంది. సాయి అది గమనించి కూడా గమనించనట్టు, "అవ్వా, బువ్వ తిన్నవా?" అని ఎప్పటిలాగే చెవిలో అరిచేవాడు.

అత్తను అని లాభం లేదు, నేను చేసిందేమిటి. వాడి మీద ఈగ వాలనివ్వనని మొగుడితో వాదించిన నేను, వాడు స్నానానికి పోతే చొక్కా జేబులు వెతికాను. వాడు కొత్త బూట్లు కొంటే ఎక్కడివని అడిగాను. నేను గదిలోకి వెళ్లగానే వాడు ఫోన్ పెట్టేయడం చూశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. అనుమానం ఒకసారి లోపలికి వచ్చిందంటే వాడి తుమ్ములో కూడా ఏదో అర్థం కనపడుతుంది. చివరికి ఒక మధ్యాహ్నం వాడి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. తెర మీద ఒక అమ్మాయి మొహం. పేరు రుచిత, ఉధనా స్టేషన్‌లో పనిచేసే రైల్వే ఆయన కూతురు. ఆ పిల్ల నన్ను చూసి నమస్తే అక్కా అంది. నేను ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

"అక్కా, బావ అనుమానపడ్తె నాకు బాధ గాలే" అన్నాడు సాయి. బైకు తీసుకుని ఇచ్ఛాపూర్ వైపు పనుందని పోయాడు. అటువైపు మా ప్రోగ్రామ్ వాడేవాళ్లు ఎవరూ లేరు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇలా కాదు, తేలిపోవాలి అనుకున్నాను. ఆ సాయంత్రమే మా ఆయనకు ఉపాయం చెప్పాను. చెప్పింది నేనే, తమ్ముడి మీద మచ్చ పోవాలని. ప్రోగ్రామ్‌ను కొంచెం మార్చి అందరికీ కొత్తది పంపు. అందులో పాత అక్కర నంబరు చెల్లకూడదు. దాని బదులు మూడు కొత్త నంబర్లు పెట్టు, నీకొకటి, నాకొకటి, వాడికొకటి. వాడికి మాత్రం అందరిదీ ఒకటే నంబరని చెప్పు. ఈసారి ఎవరి నంబరు బయట కనపడితే గుట్టు వాళ్ల నోట్లోంచి జారినట్టే.

మా ఆయన నన్ను మెచ్చుకోలుగా చూశాడు. పెళ్లైన ఇన్నేళ్లలో నేను చెప్పింది ఆయన మారు మాట్లాడకుండా చేయడం అదే మొదలు. నా నంబరు నా చెవిలో చెప్పాడు. నాలుగు, ఏడు, రెండు, తొమ్మిది, మూడు, ఐదు. సాయి నంబరు నాకు చెప్పలేదు, నా నంబరు సాయికి చెప్పలేదు.

కొత్తది పంపిన వారంలోనే ఊరికే వాడుకుంటున్నవాళ్ల ప్రోగ్రామ్‌లు మూతపడ్డాయి. ఒక్కరూ మాకు ఫోన్ చేయలేదు. కొందామని కూడా ఎవరూ రాలేదు. మూతపడితే గోలపెట్టాల్సిన జనం ఇంత నిమ్మళంగా ఉన్నారంటే వాళ్లకు తాళం తీసే దారి ఎక్కడో ఉన్నట్టే. మేం ఎదురు చూస్తూ కూర్చున్నాం. మా ఆయన సాయి మొహం చూస్తాడు, నేను మా ఆయన మొహం చూస్తాను, అత్త అందరి మొహాలూ చూస్తుంది.

దీపావళి దగ్గర పడుతుండగా మా ఆయనే లక్ష్మీరాజం కాకకు ఫోన్ చేశాడు. రెండు పాలీలు పడుతున్న తప్పు సరిచేశామని, ఒకసారి ఫోటో పంపితే చూసి చెబుతామని తీయగా మాట్లాడాడు. కాక సంబరంగా పంపాడు. నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన భుజం మీంచి చూశాను. సాయి కూడా అక్కడే ఉన్నాడు.

కింద మూలలో నాలుగు, ఏడు, రెండు, తొమ్మిది, మూడు, ఐదు.

నాకు కాసేపు అది నా నంబరని కూడా అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు వచ్చింది. ఇదేదో పొరపాటు, ఇప్పుడు మా ఆయన కూడా నవ్వుతాడు అనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"ఉపాయం చెప్పింది నువ్వే. వానికి ముందే చెప్పింది గూడ నువ్వే. వానిది వాడితె వాడు దొరుకుతడు, నాది మీకు ఎరికలేదు, గందుకే ఇద్దరు గలిసి నీది వాడిండ్రు" అన్నాడు.

"నాది నేనెందుకు వాడుకుంటనయ్యా? బుద్ధున్నదా నీకు?"

"వాన్ని కాపాడుటానికి. నీదైతె నేనేం జెయ్యనని నీకెరికే."

సాయి ఏమీ తెలియక మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. మూడు నంబర్ల సంగతి వాడికి అప్పుడే తెలిసింది. తెలిసిన తర్వాత వాడు చూసింది బావను కాదు, నన్ను.

"గీ ఉపాయం నువ్వు చెప్పినవా అక్కా?" అన్నాడు.

చెప్పాను, నీ కోసమే చెప్పాను అని అనాలి. నోరు రాలేదు. ఎందుకంటే ఆ క్షణంలో కూడా నా బుర్రలో ఒక మూల లెక్క నడుస్తూనే ఉంది. నేను ఫోన్‌లో ఈ నంబరు ఎన్నిసార్లు అరిచాను, వీడు ఇంట్లో ఉండగా ఎన్నిసార్లు అరిచాను, వీడు వినలేదని ఎవరు చెప్పగలరు. అలాంటిది నా బుద్ధి.

మా ఆయన ఆ పూటే ఫోన్ నా దగ్గర్నుంచి తీసేసుకున్నాడు. ఆదివారం లోపల వేరే గది చూసుకొమ్మని సాయికి చెప్పాడు. సాయి సరే అన్నాడు, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఎదురు చెబితే నాకు బాగుండేది. తప్పు చేయనివాడు ఎందుకు ఊరుకుంటాడు అని మా ఆయన అన్నాడు. తప్పు చేయనివాడు కాబట్టే ఊరుకున్నాడని నేను అన్నాను. అన్నాను గానీ నమ్మి అన్నానో లేదో నాకే తెలియదు. కిందికి పోయి పాన్ డబ్బా వాణ్ని కూడా అడిగాను, మా నంబర్లు విని ఎవరికైనా చెబుతున్నావా అని. వాడు నన్ను పైనుంచి కిందికి చూసి, భాభీ, తబియత్ ఠీక్ హై నా, అని నా ఒంట్లో బాగుందా అన్నట్టు అడిగాడు.

ఆదివారం వచ్చింది. సాయి మంచం కింది పెట్టె బయటికి లాగి, బట్టలు సర్ది, తాడు కట్టి గుమ్మం దగ్గర పెట్టాడు. డిండోలీలో గది తాళం తీసుకుని వస్తానని పోయాడు. మా ఆయన పొద్దున్నే ఏదో వంకతో బయటికి వెళ్లిపోయాడు, వాడు పెట్టె ఎత్తేటప్పుడు ఎదురుగా ఉండటం ఇష్టం లేక. నాకూ ఆ పెట్టెను చూస్తూ కూర్చోవడం చేతకాలేదు. వాడికి ఇష్టమని బీరకాయలు తెద్దామని బజారుకు పోయాను. పోయేవాడికి బీరకాయ కూర వండి పెట్టి ఏం చేద్దామనుకున్నానో.

తిరిగొచ్చి మెట్లు ఎక్కుతుంటే పైనుంచి అరుపులు వినపడుతున్నాయి. మా అత్తతో మాట్లాడాలంటే ఎవరైనా అరవాలి, అది మామూలే. గొంతు భూదేవి చిన్నమ్మది, లక్ష్మీరాజం కాక భార్యది. మా గుమ్మం ముందు ఆమె చెప్పులు ఉన్నాయి.

"నాలుగు విడువు" అంటోంది మా అత్త.

"నాలుగు విడిచిన" అని అరిచింది చిన్నమ్మ.

"ఏడు లేపు."

"ఏడు లేపిన."

ముసలమ్మలు చేతి మగ్గం నాటి ముచ్చట్లు చెప్పుకుంటున్నారనుకున్నాను. మా నానమ్మ కూడా ఇలాగే చెప్పేది. చీర అంచుకు పువ్వు రావాలంటే ఎన్ని పోగులు విడిచిపెట్టాలో, ఎన్ని పైకి లేపాలో అంతా నోటి లెక్కే. ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పోయేది. నేను సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని ఇంకో మెట్టు ఎక్కాను.

"రెండు విడిచి తొమ్మిది లేపు. మూడు విడిచి ఐదు లేపు. గంతే అంచు. తప్పితె మళ్ల మొదటికెళ్లి వట్టు."

నా కాలు మెట్టు మీదే ఆగిపోయింది. నాలుగు, ఏడు, రెండు, తొమ్మిది, మూడు, ఐదు. నా నోటికి రోజూ అలవాటైన అంకెలు.

"మొన్న మా ఇంటాయినకు చెప్పింది గిదే గద వదినె? ఇప్పుడు మా తమ్ముని కార్ఖానల గూడ బంద్ వడ్డది."

"గిదే. పాత అంచు ఇప్పుడు నడుస్తలేదు. మా కోడలు అందరికి గిదే చెప్తున్నది."

వెనకాల అడుగుల చప్పుడు అయింది. మా ఆయన. తల వంచుకుని పైకి వస్తున్నాడు. నేను ఆయన చేయి పట్టుకుని అక్కడే నిలబెట్టాను. నోరు తెరవబోతే మూసుకొమ్మని సైగ చేశాను. పైన చిన్నమ్మ తప్పు పోకుండా ఇంకోసారి ఒప్పజెబుతోంది. మొదటి వరుస ఆయనకు అర్థం కాలేదు. రెండో వరుసకు మొహం మారింది. మూడో వరుసకు గోడ పట్టుకున్నాడు.

ఇద్దరం లోపలికి వెళ్లాం. భూదేవి చిన్నమ్మ నన్ను చూసి లేచి నిలబడింది, పోదామా ఉందామా అన్నట్టు. నేను ఆమె జోలికి పోలేదు. చాప మీద కూర్చుని మా అత్త చెవి దగ్గర నోరు పెట్టాను.

"అత్తమ్మా, గీ లెక్క నీకెట్ల ఎరిక?"

"నువ్వు రోజు చెప్తవు గద ఫోన్ల" అంది. "నువ్వు మామూలుగ మాట్లాడ్తె నాకు ఇనవడది. ఫోన్ల ఒర్రితె మంచిగ ఇనవడ్తది, మగ్గాల కాడ ఒర్రినట్టే ఒర్రుతవు. ఎవలన్న మగ్గం బంద్ వడ్డదని ఫోన్ జేస్తె గీ లెక్కే చెప్తవు. అది చెప్తె చాలు అయితదంటవు. ఒక్క పైస గూడ అడుగవు."

"నువ్వు ఎవరెవరికి చెప్పినవు?"

"అడిగినోళ్లకు చెప్పిన. మనోళ్లకే. మార్కండేయ గుడి కాడ కలుస్తరు గద. మగ్గం ఆగినోడు అడిగితె లెక్క దాసుకుంటరా? మా అవ్వ నాకు గట్లనే చెప్పింది."

ఆమెకు చదువు రాదు, కంప్యూటర్ అంటే ఏమిటో తెలియదు. మూతపడ్డది మగ్గమే అనుకుంది. నేను చెబుతున్నది అంచు లెక్కే అనుకుంది. నేను ఊరికే చెబుతున్నానంటే అది ఊరికే ఇచ్చేదే అనుకుంది. విన్నవాళ్లు నేతగాళ్ల పిల్లలు, విడువు, లేపు తీసేసి అంకెలు కొట్టుకున్నారు. ఇందులో ఎవరిని పట్టుకుని ఏమనాలి.

మా ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ముందు లోలోపల, తర్వాత గట్టిగా, ఆఖరికి కళ్లనీళ్లు వచ్చేదాకా. "మా అవ్వ" అంటాడు, నవ్వుతాడు. "నేను ఎడమ చెయ్యి అడ్డం వెట్టి దాసుకుంటె, మా అవ్వ గుడి కాడ పంచిపెట్టింది" అంటాడు, మళ్లీ నవ్వుతాడు. చిన్నమ్మకు ప్రాణం లేచి వచ్చి ఆమె కూడా నవ్వింది. అబద్ధం ఎందుకు, నేనూ నవ్వాను. గుండెల మీది బరువు దిగిపోయింది. బీరకాయల సంచి ఇంకా నా చేతిలోనే ఉంది, ఇప్పుడు ఈ కూర వండితే వాడు తింటాడు అనుకున్నాను.

గుమ్మంలో సాయి నిలబడి ఉన్నాడు. చేతిలో హెల్మెట్, కొత్త గది తాళంచెవి. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలియదు.

"రా రా సాయీ" అన్నాడు మా ఆయన కళ్లు తుడుచుకుంటూ. "దొంగ దొరికింది. ఎవరో ఎరికేనా? అవ్వ. పో, ఆ పెట్టె లోపల వెట్టు."

సాయి నవ్వలేదు. "నవ్వుతున్నవా బావా?" అన్నాడు.

"నవ్వక ఏం జెయ్యాలెరా. అవ్వను ఏమంటం?"

"నేనైతె నవ్వుదువా?"

మా ఆయన నవ్వు ఆగిపోయింది. సాయి నా వైపు తిరిగి చూశాడు, ఆ ప్రశ్న నాకు కూడా అన్నట్టు. నేను సంచి కింద పెట్టాను.

మా అత్త అందరి మొహాలూ చూసింది. నవ్వులు చూసింది, నవ్వు ఆగడం చూసింది. గుమ్మంలో సాయిని చూసింది, వాడి కాళ్ల దగ్గర తాడు కట్టిన పెట్టెను చూసింది. ఆమెకు విషయం అంతా తెలిసిపోయినట్టు తల ఊపింది.

"ఏందిరా నరహరీ, దొంగ దొరికిండా?" అని అడిగింది. అడుగుతూనే ఆమె చేయి నడుముకు కట్టుకున్న తాళంచెవి మీదికి పోయింది. సాయి కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి.

వాడు వంగి పెట్టె ఎత్తుకున్నాడు. "అవ్వా, పోయొస్త" అని మామూలు గొంతుతో అన్నాడు. ఆమెకు వినపడలేదు. ఎప్పుడూ ఆమెతో మాట్లాడాలంటే దగ్గరికి పోయి చెవిలో అరిచేవాడు, ఈసారి దగ్గరికి పోలేదు. మెట్లు దిగిపోయాడు. మా ఆయన చెప్పులు కూడా లేకుండా వాడి వెనక పరిగెత్తాడు. కింద ఆయన సాయీ, సాయీ అని పిలవడం వినపడింది. తర్వాత బైకు చప్పుడు వినపడింది, అది సందు మలుపు దాటేదాకా వినపడుతూనే ఉంది.

మా అత్త నా కొంగు పట్టుకుని లాగింది. "ఎవలే దొంగ? చెప్పరాదు" అంది.

నేను ఆమె పక్కన కూలబడ్డాను. చెవి దగ్గర నోరు పెట్టి, "దొంగ ఎవ్వరు లేరత్తమ్మా. మన ఇంట్ల దొంగ లేడు" అని అరిచాను.

ఆమె నమ్మలేదు. ఖాళీ గుమ్మం వైపు చూసింది, తిరిగి నా మొహంలోకి చూసింది.

"మరి దొంగ లేకుంటె, పిలగాడు పెట్టె వట్టుకొని ఎందుకు వోయిండు?"

దానికి జవాబు చెప్పాలంటే ఆమె చెవిలో గట్టిగా అరవాలి. అన్ని మగ్గాల మోతను దాటి వినిపించే నా గొంతు లేవలేదు.